పద్నాలుగో లైనులో తప్పేమీ లేదు

3, సోమవారం

ఉదయం 9.10 నుంచి 11.45 దాకా. రాసిన లైన్లు పదిహేను. వచ్చిన శబ్దం లేదు.

కంప్యూటర్ చెప్పిన తప్పు ఒక్కటే: పద్నాలుగో లైనులో అనుకోని చోట అనుకోని మాట వచ్చిందట. పద్నాలుగో లైను పదకొండుసార్లు చదివాను. అందులో తప్పేమీ లేదు.

కోడలు థియేటర్‌కి బయల్దేరుతూ చెప్పులు వేసుకుని, గుమ్మంలోంచే వంగి చూసింది. శబ్దాలు పుట్టించే ఈ కంప్యూటర్ భాష తన దగ్గర నేర్చుకున్నదే. నాటకాలకి కావలసిన వానలూ ఉరుములూ రైళ్లూ అన్నీ ఇందులోనే తయారు చేస్తుంది.

"అత్తయ్యా, పదమూడో లైను చివర సెమికోలన్ లేదు."

"తప్పు పదమూడులో ఉంటే పద్నాలుగు అని ఎందుకు చెప్పాలి?"

"అక్కడిదాకా వస్తే కానీ దానికి తెలియదు."

"మా బడిలో పదమూడో నంబరు పిల్ల అల్లరి చేస్తే పద్నాలుగో పిల్లని నిలబెట్టేదాన్నా?"

"ఇద్దరినీ నిలబెట్టేవారని విన్నాను" అని వెళ్లిపోయింది.

ఈ పని ఎందుకు పెట్టుకున్నానో రాసి ఉంచుకోవాలి. రేపు విసుగొచ్చి మానేస్తే చదివి సిగ్గుపడడానికి.

ఆయన చెవిలో ఏడు నెలలుగా ఈల. ఆగదు. పియానోలకి శ్రుతి చేసే మనిషికి అంతకన్నా శత్రువు ఉండదు. పోయినసారి కచేరీ హాల్లో పియానో శ్రుతి చేసి వచ్చాక, వాయించినాయన పై స్వరాలు కీచుమంటున్నాయని మేనేజరుకి చెప్పాడట. మళ్లీ అలా జరిగితే వేరే మనిషిని పిలుచుకుంటామని మేనేజరు మొహం మీదే అనేశాడు. ముప్పై ఒక్క ఏళ్ల పని. ఈ నెల 27న మళ్లీ ఆ పియానో.

చెవి డాక్టరు చెప్పిందేమిటంటే, ఈల ఏ శ్రుతిలో ఉందో అంకె తేలితే, హోరు లాంటి శబ్దంలోంచి ఆ ఒక్క శ్రుతినీ తీసేసి రోజూ గంటసేపు వినిపించాలి, కొందరికి తగ్గుతుంది. ముందు అద్దాల గదిలో కూర్చోబెట్టి వినికిడి పరీక్ష చెయ్యాలన్నాడు. "నా చెవికి పరీక్షా?" అని ఈయన లేచి బయటికి వచ్చేశారు. ఈలకి సరిపోయే శబ్దం చేసే ప్రోగ్రాం రాసి, అంకె నేనే కనుక్కుని తెస్తానని డాక్టరుతో చెప్పాను. ముప్పై ఆరేళ్లు లెక్కలు చెప్పినదాన్ని. ఒక అంకె కనుక్కోలేనా?

ఈల పోతే చెవి మామూలైపోతుంది. 27లోపు పోవాలి.

4, మంగళవారం

తప్పుల పట్టీ మొదలుపెట్టాను. గడులు ఐదు: తేదీ, సమయం, కంప్యూటర్ ఏమంది, అసలు తప్పు ఏమిటి, ఎంతసేపు పట్టింది. ఇవాళ పన్నెండు తప్పులు. తొమ్మిదింటికి కంప్యూటర్ అన్నదానికీ అసలు తప్పుకీ పొంతన లేదు.

5, బుధవారం

"నాయిస్ అనే పేరు నాకు తెలియదు" అంటుంది. హోరుకి దాని సొంత గ్రంథాలయంలో ఉన్న పేరే అది. ఆ గ్రంథాలయం తెరవమని మొదటి లైనులో రాస్తే కానీ తెరవదట. బీరువా తాళం జేబులో పెట్టుకుని, పుస్తకం లేదని చెప్పే లైబ్రేరియన్‌ని ఒకామెని ఎరుగుదును. ఆమే నయం.

మధ్యాహ్నం కెటిల్ ఈల వేసి వేసి నీళ్లన్నీ ఇగిరిపోయాయి. ఆయన పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. ఈ మధ్య పరధ్యానం బాగా ఎక్కువైంది. అవతలి గదిలోంచి నేను ఒక్క కేక వేస్తే వెంటనే లేచారు. నేను చెప్తే కానీ ఈ ఇంట్లో ఏదీ జరగదు.

6, గురువారం

శబ్దం సగానికి తగ్గించడానికి, వాల్యూమ్ = వాల్యూమ్ × 0.5 అని రాశాను. నాలుగు వందలసార్లు తిరిగి, అంతులేని చక్రంలో పడ్డానని చేతులెత్తేసింది. ఒక సంఖ్య తనలో సగానికి సమానమైతే ఆ సంఖ్య సున్నా. ఎనిమిదో తరగతి పిల్ల చెప్తుంది. దీనికి కళ్లు తిరిగాయి.

కోడలికి చూపించాను. "దానికి లెక్కలు రావు అత్తయ్యా, చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే వచ్చు" అంది. "అలాంటిది ఈ ఇంట్లో ఒక్కటైనా ఉన్నందుకు సంతోషించాలి" అన్నాను. తను సంతోషించలేదు.

8, శనివారం

రెండు రోజులు ఒకే మాట. "ఎ నుంచి బయటికొచ్చేవి రెండు, బి లోకి వెళ్లేది ఒకటి, కుదరవు." నేను పంపింది ఒకటే. వేలు పెట్టి లెక్కపెట్టాను. పడకగది నుంచి వంటగదిదాకా నడుస్తూ లెక్కపెట్టాను. మనవరాలు బుడంకాయ పదమూడో ఎక్కం అప్పజెప్పడానికి వస్తే, పాపం దాన్ని కూడా కసిరాను. ఎక్కం సరిగ్గానే చెప్పింది.

ఇవాళ 4.20కి దొరికింది. ఆరు వేలు అని వేసేటప్పుడు ఆరు పక్కన కామా పెట్టాను. ఈ భాషకి కామా అంటే పక్కపక్కన రెండు తీగలు. ఆరు ఒక తీగ, మూడు సున్నాలు ఇంకో తీగ. వేలల్లో కామా పెట్టలేదని నేను ఎంతమంది పిల్లలకి అర మార్కు కోశానో లెక్క లేదు. పట్టీలో రాసుకున్నాను: పట్టిన సమయం, తొమ్మిది గంటల నలభై నిమిషాలు.

10, సోమవారం

ఇవాళ కంప్యూటర్ తెరవలేదు. పళ్లు కొరికి కొరికి దవడ నొప్పి.

12, బుధవారం

12.25కి శబ్దం వచ్చింది!

సన్నటి ఈల, దాన్ని పైకీ కిందికీ జరిపే మీట ఒకటి, వాల్యూమ్ మీట ఒకటి. మీట ఎక్కడ ఆగితే అక్కడి అంకె తెర మీద పడుతుంది. వాల్యూమ్ తగ్గించుకోకుండా మొదలుపెట్టడం నా పొరపాటే. ఇనప గేటు ఈడ్చినట్టు మోగింది. బుడంకాయ చెవులు మూసుకుని వీధిలోకి పరిగెత్తింది. కోడలు మేడ మీంచి "అత్తయ్యా, చంపేశారు!" అని అరిచింది. ఆయన మాత్రం ముందు గదిలో తలెత్తకుండా పియానో సుత్తులకి ఫెల్ట్ గుడ్డ అతికించుకుంటూనే ఉన్నారు. పనిలో పడ్డారంటే ఆయన అంతే.

13, గురువారం

ఉదయం పది. ఆయనకి హెడ్‌ఫోన్లు పెట్టి కూర్చోబెట్టాను. మీట జరుపుతూ, మీ చెవిలో ఈలకి సరిపోయిన చోట ఆపండి అన్నాను. కళ్లు మూసుకుని, నెమ్మదిగా జరిపి, ఆపారు. "ఇదే."

6,140. (ఇది డైరీ. కామా పెట్టుకోవచ్చు.)

14, శుక్రవారం

3,480.

15, శనివారం

7,905. రోజుకో అంకె వస్తే డాక్టరుకి ఏమని చెప్పను? ప్రోగ్రాంలో ఎక్కడో తప్పుంది. తప్పుందని చెప్పని తప్పు అన్నిటికన్నా హీనం. ఇన్నాళ్లూ అయినదానికీ కానిదానికీ తల తిన్నది, ఇప్పుడు నోరు మెదపదు.

16, ఆదివారం

లైను లైను విప్పి మళ్లీ రాశాను. 4,410 అన్నారు.

17, సోమవారం

మళ్లీ విప్పాను. 6,875. ఇంకా పది రోజులు.

18, మంగళవారం

కోడలు థియేటర్ నుంచి శ్రుతి కొలిచే మీటరు తెచ్చింది. మీట రెండు వేల దగ్గర పెడితే మీటరు రెండు వేలు చూపించింది. ఆరు వేల దగ్గర పెడితే ఆరు వేలు.

"మీ ప్రోగ్రాంలో తప్పు లేదు అత్తయ్యా. బాగా రాశారు."

"అయితే అంకెలు ఎందుకు మారుతున్నాయి?"

తను మీటరు వైరు చుట్టుకుంటోంది. చాలాసేపు చుట్టింది.

"ఆయన చెవి తప్పంటావా?" అన్నాను. "ఈ ఇంట్లో ఏ తలుపు కిర్రుమన్నా అది ఏ స్వరమో చెప్పే మనిషి. పెళ్లైన కొత్తలో నా దగ్గు కూడా అపస్వరం అన్నారు."

"నేనేమీ అనలేదు అత్తయ్యా."

అనకుండా అనడం కోడలికి బాగా వచ్చు.

19, బుధవారం

ఉదయం 10.05. అంకె 5,210. "ఇదే, సరిగ్గా ఇదే" అన్నారు. పుస్తకంలో వేశాను.

ఆయన లేచి వెళ్లాక చూశాను. నిన్న మీటరుతో పని అయ్యాక వాల్యూమ్ కిందికి దించి, మళ్లీ పెంచడం మర్చిపోయాను.

వాల్యూమ్ సున్నాలో ఉంది.

20, గురువారం

అందులో వింతేమీ లేదు. చెవిలో ఈల ఎలాగూ మోగుతూనే ఉంటుంది కాబట్టి ఆ మోతనే ప్రోగ్రాం అనుకుని ఉంటారు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఒక పరిశీలనతో ఏదీ తేలదు. ఇవాళ కావాలనే సున్నాలో పెట్టాను. ఆయన తల కొంచెం పక్కకి వంచి, కనుబొమలు ముడేసి, శ్రద్ధగా జరిపారు. ఒకచోట ఆపి, కాదన్నట్టు కొంచెం వెనక్కి తెచ్చారు. "ఆ. ఇదే."

ఆ వెనక్కి తేవడం చూడలేకపోయాను. అంకె వెయ్యలేదు.

21, శుక్రవారం

కోడలు బట్టలు మడత పెడుతుంటే వెళ్లి అడిగాను. "నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

ఏమిటని తను అడగలేదు. "నిరుడు చలికాలం నుంచి. మామయ్యగారి వెనక నిలబడి ఏం చెప్పినా పలకరు. అందుకే నేనూ మీ అబ్బాయీ ఆయన ఎదురుగా వెళ్లి మాట్లాడతాం. బుడంకాయ అయితే ముందు భుజం తడుతుంది."

"మరి నేను పిలిస్తే పలుకుతారే!"

"అత్తయ్యా, మీరు పిలిస్తే పక్కింటాయన కూడా పలుకుతాడు."

నవ్వుదామనే అంది. నాకు నవ్వు రాలేదు. తనకీ ఆగిపోయింది.

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"ఆయనే వద్దన్నారు." దుప్పటి రెండో చెంగు నా చేతికిచ్చింది. ఇద్దరం మడత పెట్టాం. "మీ అత్తయ్యకి తెలిస్తే దిద్దడానికి కూర్చుంటుంది, ఇది దిద్దితే పోయేది కాదమ్మా, అన్నారు."

22, శనివారం

భోజనాలయ్యాక ముందు గదిలోకి వెళ్లాను. ఆయన అటు తిరిగి కూర్చుని తీగ చుట్టుకుంటున్నారు. నాలుగు అడుగుల దూరంలో నిలబడి మెల్లగా పిలిచాను. "ఊ?" అన్నారు. ఏం లేదన్నాను. మళ్లీ పిలిచాను, ఇంకా మెల్లగా. "ఊ, చెప్పు" అన్నారు. మెల్లగా పిలవడం నాకు చేతకాదని ఈ వయసులో తెలిసింది. మూడోసారికి గొంతు దిగింది. ఆయన కదల్లేదు. ఇంకో రెండు మాటలు అన్నాను. అవి ఇక్కడ రాయను. వాటికీ కదల్లేదు.

వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"ఏమండీ, బుధవారం, గురువారం వాల్యూమ్ సున్నాలో ఉంది."

తీగ కింద పెట్టారు. "గురువారం కూడానా?"

"గురువారం కావాలనే పెట్టాను."

"పరీక్షలో మోసం చేసే టీచర్ని ఇప్పుడే చూస్తున్నా."

"మరి ఆ అంకెలు ఎక్కడివి?"

"నువ్వేమో పుస్తకం తెరిచి, గీతలు గీసుకుని, పెన్ను పట్టుకుని కూర్చుంటావు. ఖాళీ గడి చూస్తే నీకు జ్వరం వస్తుంది. ఏదో ఒకటి నింపాను."

"నాలుగు రోజులు లేని తప్పు వెతికానండీ! లైను లైను విప్పి కూర్చున్నాను!"

"చూశాను. అంత కష్టపడుతుంటే వినపడలేదని ఎలా చెప్పను హెడ్‌మిస్ట్రెస్ గారూ?"

ఎక్కడి నుంచి వినపడటం లేదని అడిగాను. పియానోలో కుడివైపు చివరి పన్నెండు మెట్లు అన్నారు. నిరుడు నాలుగే. పోయినసారి హాల్లో వాటిని చేతి అంచనాతో బిగించారట. "బిగువు చేతికి తెలుస్తుంది. తెలుస్తుందనుకున్నాను."

"మరి ఈల?"

"అది మాత్రం లక్షణంగా వినిపిస్తుంది."

27 సంగతి ఎత్తాను. వెళ్తానన్నారు. తప్పు చేసి రావడానికా అన్నాను. నోరు జారిందని అన్నాకే తెలిసింది. ఆయన ముఖం ఎర్రబడింది. అయితే ఒంట్లో బాగా లేదని ఫోన్ చేసి చెప్పమన్నారు. ఒంట్లో బాగానే ఉంది కదా అన్నాను.

"నలభై ఆరేళ్లలో నా కోసం ఒక్క అబద్ధం ఆడలేదు నువ్వు" అని లేచి వెళ్లిపోయారు. తలుపు ఏ స్వరంలో కిర్రుమందో నాకు తెలియదు.

23, ఆదివారం

ఆయన కాఫీ ఆయనే కలుపుకున్నారు.

24, సోమవారం

తెల్లవారి పళ్లు తోముకుంటుంటే తట్టింది. ఒక స్వరాన్ని ఇంకో స్వరంతో గుణిస్తే రెండు స్వరాలు పుడతాయి: ఒకటి వాటి తేడా, ఒకటి వాటి మొత్తం. పదకొండో తరగతి పాఠం. బోర్డు మీద కనీసం వెయ్యిసార్లు చేసి ఉంటాను, దీన్ని చెవితో వినొచ్చని ఒక్కసారీ అనుకోలేదు.

పియానోలో ఒక్కో పై మెట్టుకి మూడు తీగలు. వాటిలో రెండు కొంచెం తేడాగా ఉంటే శబ్దం అలలు అలలుగా వస్తుంది. అలలు నెమ్మదించి ఆగిపోతే తీగలు కలిసినట్టు. ఆయన పనంతా ఆ అలలు వినడమే. పై మెట్టు శబ్దాన్ని రెండు వేల స్వరంతో గుణిస్తే అది రెండు వేలు కిందికి దిగి ఆయనకి వినిపించే చోటికి వస్తుంది. అలలు మాత్రం అలాగే ఉంటాయి. రెండింటిలోంచీ రెండు వేలు తీసేస్తే తేడా మారదు.

కోడలిని మైకు అడిగాను. ఎందుకో చెప్పాను. "మరి మొత్తం కూడా వస్తుంది కదా అత్తయ్యా, నాలుగు వేలు దాటి? దాన్ని వడకట్టొద్దా?"

"అక్కర్లేదు. అది ఆయనకి ఎలాగూ వినపడదు."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ముందు తనే నవ్వింది.

25, మంగళవారం

రెండు బయటికి, ఒకటి లోపలికి, కుదరవు. పాత పాటే. మైకు కుడి ఎడమలు రెండూ పంపుతోంది, నా ప్రోగ్రాం ఒకటే తీసుకుంటోంది. పట్టిన సమయం నాలుగు నిమిషాలు. తర్వాత సెమికోలన్. తర్వాత మళ్లీ సెమికోలన్. తర్వాత నేను వాడని పేరు ఒకటి లేదని గొడవ, ఒక అక్షరం తేడాగా కొట్టాను. చెప్పేదేదో తిన్నగా చెప్పి చావదు.

26, బుధవారం

ముందు గదిలో ఉన్న పాత పియానో దగ్గర మైకు పెట్టి, ఆయన చేతికి హెడ్‌ఫోన్లు ఇచ్చాను. ఈయనకి మెషీన్లంటే పడదు. ఊళ్లో ఇంకో ట్యూనర్ ఉన్నాడు, గడ్డం ఆయన, మెషీన్ చూసి శ్రుతి చేస్తాడు. కళ్లతో పాట వినేవాడని ఈయన ఇరవై ఏళ్లుగా వెక్కిరిస్తున్నారు. అందుకే నేను ఏమీ చెప్పలేదు. పెట్టుకోండి అన్నాను, అంతే.

చివరి నుంచి పదో మెట్టు నొక్కారు. ఆగారు. మళ్లీ నొక్కారు.

"ఎవరిదీ గొంతు?" అన్నారు. "ఇది నా పియానో కాదు."

"అలలు వస్తున్నాయా?"

తీగలు బిగించే తాళంచెవి కోసం చెయ్యి చాచారు. నేను అందించాను. తీగ మేకుకి తగిలించి వెంట్రుకవాసి తిప్పారు. ఇంకొంచెం. పెదవులు లెక్కపెడుతున్నాయి. తర్వాత లెక్క ఆగింది.

"కలిసింది" అన్నారు. మీటరు చూశాను. కలిసింది.

27, గురువారం

ఉదయం 9.30కి హాలు. కుర్చీలన్నిటికీ గుడ్డలు కప్పి ఉన్నాయి. మేనేజరు తాళాల గుత్తి ఆడిస్తూ మొదటి వరసలో కూర్చున్నాడు. నేనూ కంప్యూటరూ మైకూ వేదిక ఎక్కడం చూసి "అమ్మగారు కూడానా?" అన్నాడు. "ఆవిడ నా అంకెలు" అన్నారు ఈయన.

మిగతాదంతా ఎప్పటిలా చెవితో చేశారు. మూడు గంటలు. అప్పుడు హెడ్‌ఫోన్లు. ఏ మెట్టు ఎంత ఉండాలో పట్టిక నేనే లెక్కగట్టి తెచ్చాను. అంకె నేను చదవడం, అలలు ఆయన వినడం. మొదటి మెట్టు దగ్గరే గొడవ.

"2,217.5 ఉండాలి. మీరు 2,224 దగ్గర ఆపారు."

"పైన కొంచెం ఎత్తుగా ఉంటేనే చెవికి సరిగ్గా ఉంటుంది."

"పట్టికలో..."

"నీ పట్టిక ఎప్పుడైనా పియానో విందా?"

మేనేజరు నవ్వాడు. నేను పట్టిక మడిచి, ఆయన ఆపిన చోటే రాసుకున్నాను.

ఐదు మెట్లు కలిశాయి. ఆరోది కుదరలేదు. ఆ పై తీగలు జానెడు కూడా ఉండవు, మోగీ మోగకముందే ఆగిపోతాయి. మైకులో సుత్తి దెబ్బ తప్ప ఏమీ రాలేదు. మైకు జరిపాను. రెండు వేలకి బదులు పదహారు వందలు పెట్టాను, ఇరవై రెండు వందలు పెట్టాను. నలభై నిమిషాలు. టక్, టక్, టక్. మేనేజరు గడియారం చూసుకున్నాడు. నాకు చెమటలు పట్టాయి. ఇంకొక్క లైను మారిస్తే, ఇంకొక్కటి.

ఆయన నా చెయ్యి పట్టుకుని మీట మీంచి తీసేశారు.

"చాలు. నీ ప్రోగ్రాంలో తప్పు లేదు."

హెడ్‌ఫోన్లు తీసి, వేదిక అంచు దాకా వెళ్లి నిలబడ్డారు. "మేనేజరు గారూ, చివరి ఏడు మెట్లూ అయ్యేలా లేవు."

"ఆ ఏడూ ఎవరు వాయిస్తారండీ! వదిలేయండి. ఎవరికీ తెలియదు."

"నాకు తెలుసు. అవి నాకు వినపడటం లేదు. పోయినసారి కూడా వినపడలేదు. వాయించినాయన కీచుమన్నాయని చెప్పింది నిజమే." హాలు ఖాళీగా ఉండడంతో మాట పై వరస దాకా వెళ్లింది. "ఆ గడ్డం ఆయన్ని పిలవండి. మెషీన్‌తో చేస్తాడు, కానీ సరిగ్గా చేస్తాడు. రేపు మధ్యాహ్నానికల్లా అయిపోతుంది."

మేనేజరు లేచి నిలబడ్డాడు. తాళాల గుత్తి ఆడించడం మానేశాడు. "అంటే ఇక నుంచి ఆయన్నే పిలవమంటారా?"

"ఆ ఏడింటికి" అన్నారు ఈయన. "మిగతా ఎనభై ఒకటీ నావి."

మేనేజరు నా వైపు చూశాడు. ఎనభై ఎనిమిది మెట్లలోంచి ఏడు తీస్తే అంతే వస్తుంది. తలాడించాను.